సగం బస్సు అంటే ఎంతమంది?

మా అక్క కూతురు ఆరో తరగతి చదువుతోంది. నల్లగొండకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఊరు, జిల్లా పరిషత్ హైస్కూలు. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి అరుగు మీద బోర్లా పడుకొని నోటుపుస్తకంలో బస్సు గీస్తోంది. అల్లాటప్పా బస్సు కాదు. అద్దాలు, వైపర్లు, నెత్తిన 'పల్లె వెలుగు' బోర్డు, వెనక చక్రం మీద బురద కూడా ఉంది. దాని పక్కన రెండో బస్సు మొదలుపెట్టి ఆగిపోయింది.

"మామా, సగం బస్సు ఎట్ల గీయాలె? ముందు సగమా, ఎన్క సగమా?"

వంటింట్లోంచి వాళ్లమ్మ అందుకుంది. "అది లెక్కల హోంవర్కా, డ్రాయింగ్ హోంవర్కా? గంట నుంచి గదే బస్సు."

నిజానికి ఇద్దరూ అడగాల్సిందే అడిగారు. ఆరో తరగతి గణితంలో 'దత్తాంశ నిర్వహణ' పాఠం వచ్చినప్పుడల్లా చాలా ఇళ్లలో ఇదే సీను. పిల్లలు బొమ్మలు గీస్తారు, పెద్దలకు అందులో లెక్క ఎక్కడుందో కనిపించదు. ఆ లెక్క ఎక్కడుందో, బొమ్మలు ఎక్కడ నిజం చెప్తాయో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో విడమరిచి చూద్దాం.

ముందు పేర్లు తేల్చుకుందాం

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్. అందుకే ఒకే వస్తువుకు పిల్లల నోట రెండు పేర్లు వినిపిస్తాయి. సమాచారాన్ని అంకెల రూపంలో సేకరిస్తే అది దత్తాంశం, అంటే డేటా. సేకరించేటప్పుడు ఒక్కొక్కరికి ఒక నిలువు గీత గీసి, ఐదోదాన్ని అడ్డంగా కొట్టేస్తే అవి గణన చిహ్నాలు. పుస్తకం తెరవకుండానే వీటిని మన ఊళ్లలో అందరూ వాడతారు. బస్తాలు లారీకెక్కించేటప్పుడు గోడ మీద బొగ్గుతో గీసేవి అవే.

ఆ లెక్కను బొమ్మల వరుసలుగా చూపిస్తే పటచిత్రం. ఇంగ్లిష్‌లో కొందరు పిక్టోగ్రాఫ్ అంటారు, కొందరు పిక్టోగ్రామ్ అంటారు. లెక్కల క్లాసులో రెండూ ఒకటే. కాకపోతే పిక్టోగ్రామ్ అనే మాటకు బయట ఇంకో అర్థం ఉంది. బస్టాండులో మరుగుదొడ్డి తలుపు మీది మనిషి బొమ్మ, బ్యాలెట్ మీది గుర్తు కూడా పిక్టోగ్రామ్‌లే. కానీ అవి పేరుకు బదులు నిలబడే బొమ్మలు. పటచిత్రంలోని బొమ్మ నిలబడేది సంఖ్యకు బదులు. తలుపు మీద మనిషి బొమ్మ ఒకటి ఉంటే లోపల ఒకడే ఉన్నాడని ఎవరూ అనుకోరు కదా. పటచిత్రంలో మాత్రం బొమ్మ ఒకటా, రెండా అన్నదే అసలు విషయం.

ఇక స్కేలు. 'ఒక బొమ్మ = ఇంతమంది' అని పక్కన రాసే చిన్న వాక్యం అది. అది లేకపోతే పటచిత్రం గోడకు వేసుకునే బొమ్మే.

ఆ హోంవర్కు

టీచర్ క్లాసులో చేతులెత్తించి లెక్క రాయించారట. బడికి నడిచి వచ్చేవాళ్లు 24 మంది. బస్సులో 15, ఆటోలో 18, సైకిల్ మీద 6. ఐదో వరుసలో 'రైలు' కూడా రాయమన్నారట, ఆ ఊరికి స్టేషనే లేదు కాబట్టి పిల్లలంతా నవ్వారట. రైలు 0. మొత్తం 63.

మా పిల్ల స్కేలు 10 అనుకుంది. పది అయితే సులువని అందరికీ అనిపిస్తుంది. బస్సుకు 15 కాబట్టి ఒకటిన్నర బొమ్మ. అది ఎలాగో గీయొచ్చు. మరి నడిచేవాళ్లు? 24ని పదితో భాగిస్తే 2.4. రెండు బొమ్మలు, ఆపైన నాలుగు పదో వంతులు. ఆటో 1.8. సైకిల్ 0.6. చేత్తో గీసిన బొమ్మలో 0.4 ముక్కకూ 0.6 ముక్కకూ తేడా ఎవరు పట్టుకుంటారు?

ఇక్కడ గ.సా.భా. పనికొస్తుంది. 24, 15, 18, 6 అన్నిటినీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య 3. స్కేలు 3 పెట్టుకుంటే 8, 5, 6, 2 బొమ్మలు వస్తాయి. ముక్కల బెడద లేదు, కానీ మొత్తం 21 బొమ్మలు గీయాలి. స్కేలును రెట్టింపు చేసి 6 అనుకుంటే 4, 2½, 3, 1. గీయాల్సింది పదిన్నర. సగం ముక్క ఒకే ఒక్కచోట వచ్చింది.

నడిచి: ●●●●
బస్సు: ●●◐
ఆటో: ●●●
సైకిల్: ●
రైలు:
స్కేలు: ● = 6 మంది

సరిచూసుకోవడం కూడా తేలికే. పదిన్నరను ఆరుతో గుణిస్తే 63. లెక్క కుదిరింది.

రైలు వరుస ఖాళీగా ఉందని తీసేయకూడదు. ఆ ఖాళీ కూడా ఒక జవాబే. అడిగాం, ఎవరూ లేరు అని అర్థం. వరుసే లేకపోతే అసలు అడగలేదనుకుంటారు.

ఇంతకీ సగం బస్సు సంగతి? చిక్కంతా ఆ పిల్ల బస్సును గీయడంలోనే ఉంది. మనం లెక్కపెట్టింది బస్సుల్ని కాదు, పిల్లల్ని. నడిచే వరుసలో చెప్పులు, ఆటో వరుసలో ఆటోలు, బస్సు వరుసలో బస్సులు గీస్తే చూసేవాళ్లకు 'ఈ ఊరికి రెండున్నర బస్సులొస్తాయి' అని తోస్తుంది. లెక్కించిన వస్తువేదో బొమ్మ అదే కావాలి. ఎలా వచ్చారన్నది వరుస పేరుగా ఎడమవైపు ఉంటే చాలు. నలుగురు పిల్లల మొహాలు, పక్కన 'నడిచి' అన్న మాట, అంతే. కొన్ని పుస్తకాల్లో వరుసకో రకం బొమ్మ కనిపిస్తుంది. అది తప్పని కొట్టేయలేం గాని అప్పుడు ప్రతి బొమ్మకూ స్కేలు ఒకటేనని, అన్నీ ఒకే సైజులో, ఒకే ఎడంతో ఉన్నాయని రెండింతలు జాగ్రత్త పడాలి. బస్సు వెడల్పు, మనిషి సన్నం. మూడు బస్సుల వరుస నలుగురు మనుషుల వరుసకన్నా పొడుగ్గా సాగిపోతుంది. కన్ను పొడుగునే నమ్ముతుంది.

సగం, పావు గీయాల్సి వచ్చినప్పుడు గుండ్రటి బొమ్మ మేలు. మన నల్లగొండ జిల్లా పిల్లలకైతే బత్తాయి కన్నా మంచి గుర్తు లేదంటాను. నిలువునా కోస్తే సగం, మళ్లీ కోస్తే పావు. ఎటునుంచి చూసినా సగం సగంలాగే ఉంటుంది. బస్సుకూ మేకకూ ఆ సుఖం లేదు. మేకను సగం చేస్తే తలవైపు సగం, తోకవైపు సగం ఒకటి కావు. తలవైపే బరువుగా కనిపిస్తుంది.

బొమ్మల నుంచి సంఖ్యకు వచ్చేటప్పుడు

పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. పై పటం చూపించి 'నడిచి వచ్చేవాళ్లెందరు?' అంటే కొందరు 4 అని రాస్తారు. బొమ్మలు లెక్కపెట్టారు, స్కేలు మర్చిపోయారు. 'బస్సులో వచ్చేవాళ్ల కన్నా నడిచేవాళ్లు ఎందరు ఎక్కువ?' అంటే ఒకటిన్నర అని రాసేవాళ్లూ ఉంటారు. బొమ్మల తేడా ఒకటిన్నరే, మనుషుల తేడా 1½ × 6 = 9. బొమ్మల దశలోనే తీసివేసి చివర్లో ఒక్కసారి గుణించినా, ముందు గుణించి తర్వాత తీసివేసినా జవాబు ఒకటే.

480 మందిని కాగితం మీద ఎలా పట్టించాలి?

చిన్న సంఖ్యలతో పటచిత్రం మర్యాదగానే ఉంటుంది. పెద్ద సంఖ్యలతో వస్తుంది పేచీ. దానికి మన జిల్లా చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ సమస్యను దేశం కళ్లకు కట్టాలని బాధిత గ్రామాల వాళ్లు నిరసనగా నామినేషన్లు వేశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. అదే ఏడాది కర్ణాటకలోని బెల్గాం లోక్‌సభ స్థానంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1033 మంది నిలబడ్డారు.

ఈ మూడింటికీ పటచిత్రం గీద్దాం. ఒక బొమ్మ = ఒక అభ్యర్థి అంటే దాదాపు రెండు వేల బొమ్మలు. నోటుపుస్తకం చాలదు. స్కేలు 100 అనుకుందాం. మొడకురిచ్చి 10.33, బెల్గాం 4.56, నల్లగొండ 4.8 వస్తాయి. సగం కన్నా చిన్న ముక్క గీయం అని నియమం పెట్టుకుంటే దగ్గరి సగానికి సవరించాలి. 1033 పదిన్నర అవుతుంది. 456కు దగ్గరిది 450, అంటే నాలుగున్నర. 480కి దగ్గరిది 500, అంటే ఐదు నిండు బొమ్మలు.

ఇప్పుడు పటం చూసినవాళ్లకు నల్లగొండలో 500, బెల్గాంలో 450 కనిపిస్తాయి. అసలు తేడా 24 మంది, పటంలో తేడా 50. ఎవరూ అబద్ధం చెప్పలేదు, నియమం ప్రకారమే గీశాం. అయినా తేడా రెట్టింపు దాటింది.

స్కేలు 50కి దించితే బొమ్మలు 20½, 9, 9½ అవుతాయి. నల్లగొండ, బెల్గాంల మధ్య తేడా సగం బొమ్మ, అంటే 25. నిజానికి చాలా దగ్గరికొచ్చాం, కానీ గీయాల్సినవి 39 బొమ్మలు. ఇంకో చిత్రం చూడండి. స్కేలు 24 పెడితే నల్లగొండకు సరిగ్గా 20, బెల్గాంకు సరిగ్గా 19, మొడకురిచ్చికి 43 బొమ్మలు పెట్టి ఒక్క మనిషిని వదిలేస్తే చాలు. లెక్కకు ఇంతకన్నా అందమైన స్కేలు లేదు. కానీ 43 బొమ్మల్ని చూసి మనసులో 24తో గుణించగలిగేవాళ్లు ఎందరు? పటం గీసేది చూడగానే తెలియడానికి. చూశాక పెన్నూ కాగితం తీసుకోవాల్సి వస్తే పట్టికే ఇవ్వొచ్చు.

అందుకే స్కేలుకు 5, 10, 20, 50, 100 లాంటి సంఖ్యలే ఎక్కువగా కనిపిస్తాయి. 6 కూడా చిన్న క్లాసుల్లో నడుస్తుంది, ఆరో ఎక్కం అందరికీ వచ్చు కాబట్టి.

సవరించి గీయడం మీద టీచర్లలో రెండు మాటలున్నాయి. పటచిత్రం ఉజ్జాయింపు కోసమే, దగ్గరి సగం వరకు చాలునని కొందరు. ఇచ్చిన సంఖ్య తిరిగి రాబట్టలేకపోతే అది తప్పు పటమేనని ఇంకొందరు. రెండో వాదన పరీక్షకు సరిపోతుంది. పాఠ్యపుస్తకంలోని సంఖ్యలు ముందే స్కేలుకు కుదిరేలా ఎంచినవి కాబట్టి. బయటి ప్రపంచపు సంఖ్యలకు మొదటి వాదనే దిక్కు. వరుస చివర అసలు సంఖ్య రాసేస్తే గొడవ తీరుతుంది. పత్రికల్లో చేసేది అదే. బళ్లో మాత్రం 'సంఖ్య రాసేస్తే ఇక బొమ్మలు చదవడం ఎలా నేర్చుకుంటారు' అని వద్దంటారు. అదీ నిజమే.

సవరింపు ఎంత వరకు సహించొచ్చో సంఖ్య సైజును బట్టి ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028, నల్లగొండ 34,88,809. ఒక మనిషి బొమ్మ = 5 లక్షలు అనుకుంటే ఎనిమిది, ఏడు. మహబూబ్‌నగర్‌లో 53 వేల మంది పటంలోంచి మాయమయ్యారు. వినడానికి ఘోరంగా ఉంది గాని, బొమ్మలో అది పదో వంతు, పాదాల మందం. రెండు జిల్లాల్లో ఏది పెద్దదన్న ప్రశ్నకు జవాబు మారలేదు. అయితే ఈ పటం కింద 'ఉమ్మడి జిల్లా' అని రాయడం మరవొద్దు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. పేరు అదే ఉంది, హద్దు మారింది. ఇప్పటి మహబూబ్‌నగర్ లెక్కను ఆ ఎనిమిది బొమ్మల పక్కన పెడితే జనం ఎటో వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది.

బొమ్మను పెద్దది చేస్తే వచ్చే మోసం

పైసా ఖర్చు లేకుండా అబద్ధం చెప్పే పద్ధతి ఒకటుంది. బొమ్మల సంఖ్య పెంచకుండా బొమ్మ సైజు పెంచడం.

గళ్ల కాగితం తీసుకోండి. 2 గళ్ల వెడల్పు, 3 గళ్ల ఎత్తుతో ఒక వడ్ల బస్తా గీయండి. అది 6 గళ్లు. దిగుబడి రెట్టింపైందని చూపించాలి. ఎత్తు రెట్టింపు చేస్తే బస్తా సన్నగా సాగి వింతగా ఉంటుంది కాబట్టి వెడల్పూ రెట్టింపు చేస్తాం. 4 గళ్ల వెడల్పు, 6 గళ్ల ఎత్తు. లెక్కపెడితే 24 గళ్లు, అంటే నాలుగింతలు. దిగుబడి రెండింతలే, కాగితం మీద నాలుగింతలు. దానికి నీడలు దిద్ది నిజం బస్తాలా గీస్తే చూసేవాళ్లు అందులో పట్టే వడ్లను ఊహిస్తారు, అప్పుడు ఎనిమిదింతలు.

నల్లగొండ, మొడకురిచ్చి అనుభవం తర్వాత 1996లోనే లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను జనరల్ కేటగిరీకి 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఇరవై రెట్లు. దీన్ని సైజుతో చూపిద్దామని 1 సెంటీమీటరు రూపాయి బిళ్ల పక్కన 20 సెంటీమీటర్ల బిళ్ల గీస్తే వైశాల్యం 400 రెట్లు అవుతుంది. ఒక బిళ్ల = 500 అనుకొని ఒక వరుసలో ఒకటి, ఇంకో వరుసలో ఇరవై గీస్తే ఏ గొడవా లేదు.

పెద్ద పరిమాణానికి పెద్ద బొమ్మ కాదు, ఎక్కువ బొమ్మలు అన్న ఈ నియమాన్ని పట్టుబట్టి ప్రచారం చేసింది ఆస్ట్రియాకు చెందిన ఒట్టో న్యూరాత్. 1925లో వియన్నాలో ఆయన ఒక మ్యూజియం పెట్టాడు. అందులో పాత విగ్రహాలు, కత్తులు లేవు. ఇళ్లు ఎన్ని కట్టారు, పిల్లలు ఎందరు చనిపోతున్నారు, పని లేనివాళ్లెందరు లాంటి లెక్కలే ఉండేవి, అన్నీ బొమ్మల వరుసల్లో. చూడాల్సింది కార్మికులు, పెద్దగా చదువుకోనివాళ్లు. అంకెల పట్టిక చూసి బెదిరేవాళ్లకు ఊరి లెక్క ఊరికే తెలియాలన్నది ఆయన పట్టుదల. గెర్డ్ ఆర్న్‌ట్స్ అనే చిత్రకారుడు గీసిన ఆ మనుషులకు కళ్లూ ముక్కూ ఉండవు, నీడ ఉండదు, నల్లటి ఆకారం మాత్రమే. రెండు గుర్తుల్ని కలిపి మూడో అర్థం చేసేవారు. చెప్పు గుర్తు, ఫ్యాక్టరీ గుర్తు కలిస్తే చెప్పుల ఫ్యాక్టరీ. మా పిల్ల బస్సు చిక్కుకు వాళ్ల దగ్గర జవాబుంది. పిల్ల బొమ్మ, దాని మీద చిన్న బస్సు గుర్తు.

ఆ బృందంలో నాకు నచ్చే మనిషి మారీ రైడెమైస్టర్. ఆమె పని బొమ్మలు గీయడం కాదు. నిపుణుల దగ్గరి లెక్కల్లోంచి జనానికి ఏది చూపాలి, స్కేలు ఎంత, ఏ వరుస పక్కన ఏ వరుస అన్నది తేల్చి, చిత్రకారుడి చేతికి ఇవ్వడం. ఆరో తరగతి హోంవర్కులో అసలు కష్టం కూడా ఆమె పనే, ఆర్న్‌ట్స్ పని కాదు. 1934లో రాజకీయాలు తిరగబడ్డాక వాళ్లు వియన్నా వదిలి హాలెండ్ వెళ్లిపోయారు. 1935లో ఈ పద్ధతికి ఐసోటైప్ అని పేరు పెట్టారు. మాటలు విడదీస్తాయి, బొమ్మలు కలుపుతాయి అనేవాడు న్యూరాత్. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్న దేశంలో ఆ మాట మనకు వింతేమీ కాదు. చదువురాని ఓటరు కోసం మొదటి సాధారణ ఎన్నికల నుంచే మనకు గుర్తులున్నాయి.

బొమ్మలకు లొంగనివి

వానాకాలంలో పేపర్లో నాగార్జునసాగర్, శ్రీశైలం వార్తలు రోజూ ఉంటాయి. సాగర్‌కు 26 గేట్లు, శ్రీశైలానికి 12. ఒక బొమ్మ = 2 గేట్లు అంటే 13, 6. హాయిగా కుదిరింది, గేట్లు లెక్కపెట్టేవి కాబట్టి.

అదే వార్తలో నీటిమట్టం కూడా ఉంటుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. ఒక కుండ = 100 అడుగులు అని ఎవరైనా గీస్తే శ్రీశైలంలోనే ఎక్కువ నీళ్లున్నట్టు కనిపిస్తుంది. ఆ అడుగులు సముద్రమట్టం నుంచి కొలిచినవి, డ్యాములో నీటి లోతు కాదు. పూర్తి నిల్వ చూస్తే కథ తలకిందులు. సాగర్ 312 టీఎంసీలు, శ్రీశైలం 215 పైచిలుకు. ఒక కుండ = 25 టీఎంసీలు అనుకుంటే పన్నెండున్నర, ఎనిమిదిన్నర. ఈ పటం నిజం చెప్తుంది. కాబట్టి గీసే ముందు ఒక ప్రశ్న: ఈ బొమ్మలన్నీ కలిపితే వచ్చే మొత్తానికి అర్థముందా? గేట్లు కలపొచ్చు, టీఎంసీలు కలపొచ్చు. రెండు డ్యాముల మట్టాలు కలిపితే 1475 అడుగులు వస్తుంది, దాన్నేం చేసుకుంటాం? ఉష్ణోగ్రత కూడా అంతే.

శాతాలది ఇంకో దారి. 2011లో అక్షరాస్యత నల్లగొండలో 64.20, మహబూబ్‌నగర్‌లో 55.04 శాతం. వీటికి పది వరుసల్లో పదేసి, మొత్తం వంద మనుషుల బొమ్మలు గీసి ఒకదాంట్లో 64, ఇంకోదాంట్లో 55 నింపుతారు. చూడ్డానికి బాగుంటుంది. అక్కడ ఒక బొమ్మ అంటే ఇన్ని వేల మంది అని కాదు, వందలో ఒక వంతు అని. పైగా అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపై వయసువాళ్లలోనే లెక్కిస్తారు. మొత్తం జనాభాను 64 శాతంతో గుణించి చదువుకున్నవాళ్లు ఇందరని రాస్తే చంటిపిల్లలు కూడా లెక్కలోకి వచ్చేస్తారు.

బొమ్మలా, కమ్మీలా?

పటచిత్రం వెనకే కమ్మీ రేఖాచిత్రం వస్తుంది. పిల్లలు బార్ గ్రాఫ్ అంటారు. బొమ్మల వరుస బదులు ఒక్క పొడుగాటి కమ్మీ. 0.4 ముక్క గీయడం దానికి సమస్యే కాదు, స్కేలు మీద కొలిచి ఆపేస్తే సరి. 480, 456 పక్కపక్కన ఉన్నా తేడా తేడాలాగే కనిపిస్తుంది. అందుకే కొందరు టీచర్లు పటచిత్రాన్ని ఒక్క పీరియడ్‌లో ముగించి కమ్మీలకు వెళ్లిపోతారు. బొమ్మలకు పట్టే టైములో నాలుగు లెక్కలు చేయించొచ్చని వాళ్ల మాట. మా అక్క కూడా ఆ పార్టీయే.

ఎదుటివాళ్లు చెప్పేది వేరు. 'ఒకటి గీస్తే ఆరు అని అర్థం' అన్నది పిల్లలకు చిన్న విషయం కాదు. వేళ్లతో ఒకటికి ఒకటి లెక్కపెట్టిన అలవాటు అక్కడ తెగుతుంది. నిష్పత్తి, పటాల మీద 'ఒక సెంటీమీటరు = పది కిలోమీటర్లు', రేపు గ్రాఫు కాగితం మీద అక్షాల స్కేలు, అన్నీ ఆ మెట్టు మీదే నిలబడతాయి. కమ్మీలో స్కేలు పక్కన ఎక్కడో ఉంటుంది, మర్చిపోయినా నడిచిపోతుంది. పటచిత్రంలో స్కేలు మరిస్తే జవాబే రాదు.

2015లో స్టీవ్ హరోజ్, రాబర్ట్ కొసారా, స్టీవెన్ ఫ్రాంకనేరి అనే ముగ్గురు పరిశోధకులు ఐసోటైప్ తరహా పటాల మీద ప్రయోగాలు చేశారు. బొమ్మలే సంఖ్యను మోస్తున్నప్పుడు చదవడానికి ఇబ్బందేమీ రాలేదు, గుర్తుపెట్టుకోవడానికి కొంత మేలు కూడా కనిపించింది. సంఖ్యతో పని లేకుండా అలంకారంగా పెట్టిన బొమ్మలు మాత్రం దృష్టిని పక్కకు లాగాయి. వాళ్లు పరీక్షించింది మన ఆరో తరగతి పిల్లల్ని కాదనుకోండి. కానీ చక్రం మీది బురద ఏ ఖాతాలోకి వస్తుందో తెలుస్తూనే ఉంది.

ఆ బస్సును మాత్రం మా పిల్ల చెరపనివ్వలేదు. పేజీ తిప్పి, గాజు అంచు పట్టుకుని గుండ్రాలు గీసింది. నాలుగు, రెండు, మూడు, ఒకటి. ప్రతిదానికీ రెండు కళ్లు, ఒక నవ్వు. బస్సు వరుస చివర మిగిలిన సగానికి ఒకే కన్ను వచ్చింది.

"ముగ్గురికి కలిపి ఒక్క కన్నా మామా?" అంది. మళ్లీ తనే రబ్బరు తీసుకొని అన్ని మొహాలకూ కళ్లు చెరిపేసి, కింద రాసింది: ఒక గుండ్రం = 6 మంది.

వాళ్లమ్మ వచ్చి చూసి, "గింతేనా? గిది ముందుగాల గీస్తే అయిపోవు గద" అంది.